జగ్గమ్మ ఇంటి ఉదాహరణ వాక్యం

ఏ మనిషికైనా ఒక కష్టం రావాలంటే ముందుగా ఆ కష్టానికి ఇంగ్లీషులో సరైన మాట తెలిసి ఉండాలని, మాట తెలియకుండా పడిన కష్టం అసలు కష్టాల జమలోకే రాదని ఈ కాలంలో అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్ళు ఎవరైనా ఉంటే ఆ సంగతి కఠినమైన ఇంగ్లీషులో, నిర్వచనంతోనూ ఉదాహరణ వాక్యంతోనూ రాసి పంపవలసిందిగా బెంగాలీల మహానగరం పక్కన లేచిన న్యూ టౌన్‌లోని ఒక పాఠశాల (పేరు మరీ పొడుగు కావడంతో బస్సు మీద సగమే పట్టింది) కోరింది. ఇంతవరకూ ఎవరూ పంపలేదు. కాబట్టి విషయం రుజువైనట్టే.

ఆ పాఠశాలలో పదవైభవ విభాగమని ఒకటుంది. దానికి కఠిన పదాల డైరెక్టరు ఒకరు, అతి కఠిన పదాల ఉప డైరెక్టరు ఒకరు ఉన్నారు. సులభ పదాలకు అధికారి లేడు. ఆ పదాలు వాడేవాళ్ళు ఎలాగూ ఫిర్యాదు చేయరని ఆ ఉద్యోగం ఎత్తేశారు. ప్రతి సోమవారం కొన్ని కొత్త పదాలు పిల్లల ఫోన్లలోకి, అంటే తల్లుల ఫోన్లలోకి, వస్తాయి. పదం, దాని నిర్వచనం, కింద ఒక ఖాళీ గడి. ఆ గడిలో పిల్ల సొంతంగా ఒక ఉదాహరణ వాక్యం నింపాలి.

మొదట్లో పిల్లలందరూ రాజుల మీద రాసేవారు. రాజు దయాళువు, రాజు నిరంకుశుడు, రాజు మహా ఉదారుడు. డైరెక్టరు గారు ఒకరోజు ఆ వాక్యాలన్నీ చదివి, "ఏ రాజు? ఈ పిల్లలు ఆ రాజును ఎక్కడ చూశారు?" అని అడిగారు. ఆ మధ్యాహ్నమే పదసంహిత అనే నియమాల పుస్తకం పుట్టింది. ఉదాహరణ వాక్యం నిజమై ఉండాలి. పిల్ల సొంత ఇంట్లో, ఈ విద్యాసంవత్సరంలోనే జరిగినదై ఉండాలి. ధ్రువీకరణ అధికారి వచ్చి కళ్ళారా చూడాలి. చూపించలేని ఇంటిని పదదరిద్ర గృహంగా ప్రకటిస్తారు. అటువంటి ఇంట్లో పెరిగితే పిల్ల భాష పాడవుతుంది కనుక ఆ పిల్లను బడివారి హాస్టల్‌కు తరలిస్తారు. హాస్టల్లో ఇంగ్లీషు తప్ప మరో భాష వినిపించకూడదు. (నిద్రలో కలవరించేవాళ్ళకు మొదటి నెల మినహాయింపు ఉంది.)

అదే నగరంలోని వాట్‌గంజ్‌లో ఉండే జగ్గమ్మకు ఈ నియమాలన్నిటిలోనూ అర్థమైనది ఆఖరిది ఒక్కటే. గుంటను, అంటే మనవరాలిని, తీసుకుపోతారు.

జగ్గమ్మ శ్రీకాకుళం తీరం నుంచి పెళ్ళి చేసుకుని వచ్చి, ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల పక్కనే ముసలిదైంది. బడికి వెళ్ళి చదువుకోలేదు. బెల్లానికీ చింతపండుకూ పొట్లాలు కట్టిన తెలుగు పేపరు ముక్కలు కూడబలుక్కుని తనంతట తాను చదవడం నేర్చుకుంది. అందువల్ల ఆమెకు ఏ వార్తకూ మొదలూ తుదీ తెలియవు కాని నడుమ మాత్రం బాగా తెలుసు. ఒక పాత మేడ రెండో అంతస్తులో, కూతురు రమాకుమారితో, డాకులో క్రేను నడిపే అల్లుడు ఉమామహేశ్‌తో, ఆరో తరగతి చదివే మనవరాలు ధాత్రితో కలిసి ఉంటుంది.

ఆ ఇంట్లోనూ ఒక నియమం ఉంది. గడప దాటేవాళ్ళెవరైనా "ఎల్లొస్తాను" అని చెప్పి దాటాలి. చెప్పకుండా మెట్లు దిగితే జగ్గమ్మ వరండాలోంచి తొంగిచూసి వీధి వీధంతా వినపడేలా పిలుస్తుంది. ఒకసారి ఉమామహేశ్ సందు చివరి నుంచి వెనక్కి వచ్చి, రెండంతస్తులూ ఎక్కి, "ఎల్లొస్తానత్తా" అని చెప్పి, మళ్ళీ దిగి, డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళాడు. అతనికి కారణం తెలుసు కాబట్టి ఏమీ అనలేదు. ఆమె భర్త అప్పలసూరి డాకులో ఖలాసీ. ఒక వానాకాలం పొద్దున గొడుగు కనపడలేదని విసుక్కుంటూ, చెప్పకుండానే దిగిపోయాడు. తిరిగి రాలేదు. డాకులో ఏం జరిగిందో ముగ్గురు వచ్చి మూడు రకాలుగా చెప్పారు. జగ్గమ్మ మూడూ నమ్మలేదు. చెప్పకుండా వెళ్ళాడు, అందుకని రాలేదు. ఆమెకు ఇది మెట్లంత స్పష్టంగా ఉంది.

మెట్లంటే గుర్తొచ్చింది. తొలి వారాల్లో ఆ ఇంటి వైభవం అంతా ఆ మెట్లదే.

"డిలాపిడేటెడ్" అని ఒక పదం వచ్చింది. నిర్వచనం, బాగుచేసే దిక్కు లేక శిథిలమైనది. "మా మెట్లు డిలాపిడేటెడ్‌గా ఉన్నాయి" అని ధాత్రి రాసింది. ధ్రువీకరణ అధికారి నీలోత్పల్ తరఫ్‌దార్ ఆ మెట్లు ఎక్కుతూ రెండుసార్లు తూలి, పైకి చేరేలోపలే ధ్రువీకరణ పూర్తి చేశాడు. తరవాతి వారం "ప్రికేరియస్", అంటే ఎప్పుడు పడిపోతుందో తెలియనిది. వరండా చూపించారు. ఆయన గుమ్మంలోంచే మార్కులు వేశాడు. ఆ పైవారం "ఇంటర్మిటెంట్", అంటే ఆగి ఆగి వచ్చేది. కుళాయి ముందు పీట వేసి కూర్చోబెట్టారు. మధ్యాహ్నం వచ్చినవాడు పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. టీ తాగాడు, మరమరాలు తిన్నాడు, ఉమామహేశ్‌తో ఫుట్‌బాల్ గురించి పోట్లాడాడు. చివరికి నీళ్ళు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయాయి. ఇంత నిజాయితీ గల ఉదాహరణ తన ఉద్యోగంలో చూడలేదని యాప్‌లో రాశాడు.

మనిషి చెడ్డవాడు కాదు. చలి ఉన్నా లేకపోయినా మంకీ క్యాపు పెట్టుకుంటాడు. వెళ్ళేటప్పుడు, బెంగాలీ ఇళ్ళలో పెరిగిన అందరిలాగే, "ఆషి, మాషిమా" అంటాడు. వస్తాను పిన్నీ అని. వెళ్తున్నాను అనడం వాళ్ళకూ అలవాటు లేదు. "ఎషో బాబా" అని జగ్గమ్మ బదులిస్తుంది, రా నాయనా అని. అధికారులందరిలోనూ ఈయన ఒక్కడు మర్యాద తెలిసినవాడని ఆమె అభిప్రాయం.

ఇలా వాట్‌గంజ్ సందుల్లో పదాలు పొర్లిపోతుండగా న్యూ టౌన్‌లో కరువు మొదలైంది. అక్కడి టవర్లలో ఏదీ విరగదు, ఏదీ కారదు. ధాత్రి తరగతిలోనే చదివే సుహాస్ తల్లి లక్ష్మీసౌజన్య ఒక ఆదివారం క్యాబ్ కట్టించుకుని వాట్‌గంజ్ వచ్చింది. వాళ్ళాయనది న్యూ టౌన్ ఐటీ పార్కులో ఉద్యోగం, సొంత ఊరు గుంటూరు.

"నమస్తేనండీ. మీ మెట్లు చాలా బాగుంటాయని విన్నాం," అంది ఒగరుస్తూ.

"బాగుండడమేటమ్మా, మొన్న మా అల్లుడు కాలు మడతెట్టీసుకున్నాడు."

"అదేనండీ మాకు కావాల్సింది! మా టవర్లో గోడ కాస్త పగిలితే చాలు, మెయింటెనెన్స్ వాళ్ళు ఆ పూటే పూసేస్తారు. ఉంచండయ్యా, పిల్లాడి చదువు అని ఎంత మొత్తుకున్నా వినరు."

"అయ్యో పాపం," అంది జగ్గమ్మ, మనస్ఫూర్తిగా.

ఉదాహరణ సొంత ఇంటిదే కావాలని సంహిత అంటుంది. కాని రాకపోకలున్న బంధువుల ఇల్లు కూడా సొంత ఇంటి కిందికే వస్తుందని ఒక ఉపనియమం ఉంది. లక్ష్మీసౌజన్య అక్కడికక్కడే జగ్గమ్మను పిన్నిని చేసుకుంది.

"ఊరికే వద్దు పిన్నీ. ధాత్రి మా ఇంటికి వచ్చి ఆప్యులెంట్, అదే సంపన్నం, చూసుకోవచ్చు. కింద లాబీలో పెద్ద షాండ్లియర్ ఉంది. సెరీన్ కూడా ఉంది. మాది పధ్నాలుగో అంతస్తు, ఏ చప్పుడూ వినపడదు."

"సప్పుడే లేకపోతే ఇంటికి ఎవులొచ్చారో ఎలగ తెలుస్తాదమ్మా?"

"ఎవరూ రారు పిన్నీ," అంది లక్ష్మీసౌజన్య.

ఆ నెలలో జగ్గమ్మకు చాలామంది కొత్త చుట్టాలు పుట్టుకొచ్చారు. క్యాబులు సందులో వరసగా నిలబడడం చూసి ఇంటి యజమానికి సిగ్గేసి, సిమెంటు బస్తాలు తెప్పించి మెట్లు బాగుచేయించబోయాడు. అద్దెకున్నవాళ్ళంతా వెళ్ళి బతిమాలి ఆపించారు. (ఆ నగరం చరిత్రలో మరమ్మతు వద్దని వేడుకున్న అద్దె ఇల్లు అదొక్కటేనని విభాగం వారు తమ వార్షిక నివేదికలో సగర్వంగా చేర్చారు.)

ఫిబ్రవరి మొదట్లో ఆ సంవత్సరపు ఆఖరి పదం వచ్చింది. "వేలెడిక్షన్." నిర్వచనం, విడిపోయేవారు ఇక తిరిగి రాబోమని తెలిసి చెప్పే చివరి మాట. మామూలు నిఘంటువుల్లో ఇంత గట్టిగా ఉండదట. కాని ఇది ఉప డైరెక్టరు గారి విభాగం. ఆయన స్వయంగా గట్టిపరిచారు.

ఇదొక్కటి కుదిరితే ఆ ఇల్లు పదసమృద్ధ గృహం అవుతుంది, ధాత్రి ఇంట్లోనే ఉండి చదువుకుంటుంది. కుదరకపోతే హాస్టల్.

"ఇంతేనా?" అంది రమాకుమారి. ఖిదిర్‌పూర్ బజార్లో రక్తపరీక్షల సెంటర్ కౌంటర్లో కూర్చుని పొద్దస్తమానం జనాన్ని పంపించే మనిషికి అది పెద్ద విషయం అనిపించలేదు. "మనింట్లోంచి ఎల్లిపోయినోళ్ళు తక్కువేటమ్మా?"

జగ్గమ్మకూ అలాగే అనిపించింది. షాండ్లియర్లు తనకు తెలియవు. విడిపోవడం గురించి అయితే ఎవరు ఏం అడిగినా చెప్పగలదు. తరఫ్‌దార్ వచ్చే రోజు ఉతికిన చీర కట్టుకుని, పరీక్షకు కూర్చున్నట్టు కూర్చుంది. ఇన్నేళ్ళ కాపురంలో వచ్చిన బెంగాలీతో అప్పలసూరి సంగతి మొత్తం చెప్పింది. తరఫ్‌దార్ మంకీ క్యాపు తీసి విన్నాడు.

"చాలా బాధాకరం మాషిమా. వెళ్తూ ఆయన ఏమన్నారు?"

"గొడుగేది అన్నాడు."

"అది వేలెడిక్షన్ కాదు. అది ప్రశ్న."

"మరి ఆ ముక్కే ఆఖరుది బాబూ."

"ఆఖరిదే, కాదనను. కాని తిరిగి రానని తెలిసి అడగలేదు కదా. తెలిస్తే గొడుగు అడుగుతారా?" అన్నాడు, ఎంతో మెత్తగా. "పైగా ఈ విద్యాసంవత్సరంలో జరగలేదు."

జగ్గమ్మ కొంచెంసేపు పమిట కొంగు మడతలు పెట్టుకుంది. తరవాత దుర్గాదేవిని బయటికి తీసింది. దుర్గాదేవి పక్క వాటాలో ముప్ఫై ఏళ్ళు ఉన్న మనిషి. ఇద్దరూ ఒకే గోడకు చెరో వైపు వంట చేసుకునేవారు, గోడ మీద తట్టి ఉప్పు అడిగేవారు. మొన్న దుర్గాపూజలు అయ్యాక పలాసలోని కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అంటే ఈ విద్యాసంవత్సరమే.

"ఆవిడ ఏమన్నారు?"

"ఎల్లొస్తాను ఒదినా అంది. ఎల్లి, మళ్ళీ వస్తానని."

"వచ్చారా?"

"నేదు."

"వస్తానన్నారు, ఇంకా రాలేదు," అని తరఫ్‌దార్ యాప్‌లో ఏదో నొక్కి చూశాడు. "అయితే ఆవిడ వెళ్ళడం ఇంకా పూర్తి కాలేదు మాషిమా. పెండింగ్ అని వస్తోంది."

ఇంట్లో అందరి మొహాలూ పడిపోయాయి. జగ్గమ్మకు మాత్రం, ఎందుకో, చాలా రోజుల తరవాత గుండెల్లో కాస్త తేలికైంది. దుర్గాదేవి వెళ్ళలేదని ప్రభుత్వమంతటి ఫోను చెప్పింది. ఆ సాయంత్రం ఆమె అలవాటు కొద్దీ గోడ మీద ఒకసారి తట్టింది కూడా. కొత్తగా దిగినవాళ్ళు ఏమిటని అడిగితే బల్లి అంది.

"ఎవరో ఒకరు వెళ్ళాలి దాదా," అన్నాడు తరఫ్‌దార్ ఉమామహేశ్‌తో, బూట్లు తొడుక్కుంటూ. "తాజాగా. నోటితో చెప్పి, నేను చూస్తుండగా. ఈ నెలాఖరు లోపల." గుమ్మం దగ్గర తిరిగి, "ఆషి, మాషిమా," అన్నాడు.

"ఎషో బాబా."

సుహాస్ వాళ్ళకు ఆ పదం అవలీలగా కుదిరిందని లక్ష్మీసౌజన్య ఫోన్ చేసి చెప్పింది. వాళ్ళ వంటమనిషి సరిగ్గా ఆ వారమే, సీసీ కెమెరా ముందు నిలబడి, "ఈ జన్మలో మీ గుమ్మం తొక్కను" అని స్పష్టంగా చెప్పి వెళ్ళిపోయింది. పూర్తి మార్కులు పడ్డాయి. "మీకు వంటమనిషి లేదు కదా పిన్నీ, అదే ఇబ్బంది," అని జాలిపడింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర కుటుంబం సమావేశమైంది.

"నాను పారాదీప్ రేవుకి బదిలీ అడిగీనా?" అన్నాడు ఉమామహేశ్.

"నువ్వెల్తే దీనికి లెక్కలెవులు సెప్తారు?" అంది రమాకుమారి. "నానైతే ఎక్కడికెల్తాను, సెంటర్లో సెలవివ్వరు."

"నానెల్తాను," అంది జగ్గమ్మ.

ఉమామహేశ్ పప్పు గిన్నె ఆమె వైపు జరిపాడు. ఇంట్లో అవసరం తక్కువున్న మనిషి ఎవరా అని ఆమె కొన్నేళ్ళుగా లోలోపల అనుమానిస్తూనే ఉంది. ఇప్పుడు ఆ మనిషితోనే పని పడింది. ఆమెకు భయం వేసింది, కాస్త గర్వమూ కలిగింది.

"దుర్గాదేవి కాడికెల్తాను. బండి కదిల్నప్పుడు ఆ ముక్క అనీస్తాను. గుంట ఇంట్లోనే ఉంటాది."

"కాయితం చేతికొచ్చీగానే తిరుగు టికెట్ తీసెస్తానులేమ్మా," అంది రమాకుమారి. "నోటి మాటే కదా. అన్నంతమాత్రాన అయిపోతాదేటి?"

అన్నంతమాత్రాన అయిపోతుందనే జగ్గమ్మ ఇన్నేళ్ళూ నమ్ముతూ వచ్చింది. ఆ సంగతి అప్పుడు ఎత్తలేదు.

మరునాటి నుంచి సాధన. ధాత్రి బళ్ళో తనకు నేర్పినట్టే అమ్మమ్మకు నేర్పింది. ముందు పదం, తరవాత నిర్వచనం, ఆపైన వాక్యం.

"అమ్మమ్మా, ఎల్తన్నాను అను. అంతే. ఆపీ."

"ఎల్తన్నాను," అంది జగ్గమ్మ. నోరు మూసుకుని గట్టిగా ఊపిరి బిగబట్టింది. "...మల్లొస్తాను."

"ఆఁ! మళ్ళీ అనీసావు!"

"నానెక్కడన్నానే? అదే ఒచ్చీసినాది."

"సెకండ్ పార్ట్ కట్ చెయ్."

"కట్ సేస్తే ఏటి మిగుల్తాదే?"

"కరెక్ట్ ఆన్సర్ మిగుల్తాది."

కూరలమ్మి దగ్గర, పాలబూత్ దగ్గర, వీధి కుళాయి దగ్గర ఆమె పెదవులు కదుపుతూ సాధన చేసింది. వారం తిరిగేసరికి గోడకేసి చూస్తూ ఒక్క ముక్కతో ఆగగలిగింది. గోడతో అయితే కష్టం లేదు.

స్టేషన్‌కు అందరూ వెళ్ళారు. తరఫ్‌దార్ మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని, ఫోన్ కెమెరా తుడుచుకుని, కిటికీకి ఎదురుగా నిలబడ్డాడు. వెలుతురు బాగుందన్నాడు. జగ్గమ్మ కిటికీ పక్క సీట్లో కూర్చుంది. ఒళ్ళో పులిహోర డబ్బా. ధాత్రి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. చిన్నప్పుడు ఉయ్యాల గొలుసులు కూడా ఆ పిల్ల అలాగే పట్టుకునేది, ఎవరో ఊడబెరుకుతారేమో అన్నట్టు.

కూత వేసింది.

"ఊఁ, మాషిమా," అన్నాడు తరఫ్‌దార్.

"ఎల్తన్నానే," అంది జగ్గమ్మ.

అక్కడితో ఆగింది. ఆగినట్టే అయింది. రమాకుమారి కళ్ళు మూసుకుంది. ఉమామహేశ్ ఊపిరి వదిలాడు. ధాత్రి వేళ్ళు ఊచల మీద కొంచెం బిగిశాయి.

"బేగొచ్చెస్తాను తల్లీ," అంది జగ్గమ్మ.

తరఫ్‌దార్‌కు తెలుగు రాదు. "చివర్లో ఏదో అన్నారు, ఏమిటది?" అని ధాత్రిని అడిగాడు. ధాత్రికి ఆ క్షణాన పదమూ గుర్తులేదు, మార్కులూ గుర్తులేవు. మొహమంతా వెలిగిపోతుండగా, తరగతిలోలాగా గట్టిగా, "త్వరగా తిరిగి వచ్చేస్తానంది!" అని అర్థం చెప్పింది.

తరఫ్‌దార్ ఫోన్ దించాడు. నిజంగానే విచారంగా ఉన్నాడు. "చెల్లదు మాషిమా."

వాక్యమే చెల్లనప్పుడు ప్రయాణం దేనికని ఉమామహేశ్ బండెక్కి సంచీ దించాడు, రమాకుమారి తల్లిని తలుపు దగ్గర పట్టుకుని దింపింది. బండి జగ్గమ్మ లేకుండానే పలాస వెళ్ళింది. పులిహోర అందరూ కలిసి ప్లాట్‌ఫారం మీదే తిన్నారు. తరఫ్‌దార్ రెండోసారి పెట్టించుకున్నాడు.

నెలాఖరుకు ఆ ఇల్లు పదదరిద్ర గృహమైంది. ఇన్ని పదాలకు మార్కులు తెచ్చుకున్న ఇంటిని దరిద్రమనడం ఏమిటని ఉమామహేశ్ విభాగానికి ఫోన్ చేస్తే, మొత్తం సంపదను కాక లోటును బట్టే దరిద్రాన్ని కొలుస్తామని ఒక రికార్డు చేసిన గొంతు చెప్పి, కాల్‌కు ధన్యవాదాలు తెలిపింది.

హాస్టల్‌కు వెళ్ళే రోజున బస్సులో ధాత్రి అమ్మమ్మ పక్కనే కూర్చుంది. రెండు స్టాపులు దాటాయి. తరవాత చెవి దగ్గరికి వంగింది.

"అమ్మమ్మా, ప్లాన్ ఒకటుంది. నువ్వు ఎల్లడమే ఎందుకు? నాను కూడా మనింటి మనిషినే కదా. గేటు దగ్గర నాను అనీస్తాను. కరెక్ట్‌గా, ఇంగ్లీషులో. నన్ను అప్పజెప్పడానికి తరఫ్‌దార్ దాదా వస్తాడు కదా, వీడియో తీస్తాడు. ఫుల్ మార్క్స్. మన ఇల్లు పాస్. పాసైతే హాస్టల్ అక్కర్లేదు కదా? శనివారానికి ఇంటికొచ్చెస్తాను."

జగ్గమ్మ ఆలోచించింది. అందులో తప్పు ఎక్కడుందో ఆమెకు దొరకలేదు. అయినా పిల్ల చెయ్యి పట్టుకుంది. "అది అనకుండా అవ్వదేటే?" అంది.

"వర్డ్సే కదా అమ్మమ్మా."

హాస్టల్ గేటు ముందు నేల మీద తెల్లగీత ఉంది. గీతకు ఇవతల ఏ భాషైనా మాట్లాడుకోవచ్చు. గీత దాటాక ఇంగ్లీషే. ధాత్రి సూట్‌కేసుతో గీత దాటి, అటు వైపు నిలబడి, వెనక్కి తిరిగింది. జగ్గమ్మ గీత ఇవతల నిలబడింది. పిల్ల ఎల్లొస్తాను అంటే అనవలసిన "ఎల్లి రా తల్లీ" ఆమె నోట్లో సిద్ధంగా ఉంది. ఇన్నేళ్ళుగా రోజూ పొద్దున అన్నదే.

ధాత్రి పక్కన నిలబడ్డ తరఫ్‌దార్ కెమెరా వైపు ఒకసారి చూసుకుంది. నిటారుగా నిలబడింది.

"గుడ్ బై, గ్రాండ్‌మదర్," అంది. అమ్మమ్మకు ఒక్కదానికే కనిపించేలా కన్ను కొట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

తెలుగులో అంటే తెలుగులో, బెంగాలీలో అంటే బెంగాలీలో జగ్గమ్మ బదులు చెప్పేది. గుడ్ బైకి బదులుగా ఏమనాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. "ఎల్లి రా" అన్నమాట నోట్లోనే ఉండిపోయింది. ఇంటికి వెళ్ళేదాకా ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు, మాట్లాడితే అది ఇంకెవరికో పడుతుందేమోనని.

పది రోజులకు తరఫ్‌దార్ వచ్చాడు. చేతిలో ఖర్జూర బెల్లం వేసిన సందేశ్ మిఠాయి డబ్బా, చంకలో నీలిరంగు రేకు పలక. మెట్లు ఎక్కుతూ తూలినా మొహంలో నవ్వు చెదరలేదు.

"ఫస్ట్ క్లాస్ ఉదాహరణ మాషిమా! గడువు దాటినా ఉప డైరెక్టరు గారు స్వయంగా మూడుసార్లు చూసి ఒప్పుకున్నారు. కన్ను కొట్టడం మీద చర్చ జరిగింది కాని, అది మాట కాదు కనుక వదిలేశారు." ఆయన ఆ పలకను తలుపు మీద తనే మేకు కొట్టి బిగించాడు. పదసమృద్ధ గృహం అని ఇంగ్లీషులో మెరుస్తోంది.

జగ్గమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంది. "ఎప్పుడెల్లాలి బాబూ? గుంటను తేవడానికి?"

"తేవడమా?"

"ఇల్లు పాసైంది కదా దాదా," అంది రమాకుమారి. "పాసైన ఇంటి పిల్ల ఇంట్లోనే ఉండొచ్చని మీ పుస్తకంలో ఉంది."

"నిస్సందేహంగా. ధాత్రికి ఇప్పుడు ఇంట్లో ఉండే పూర్తి హక్కుంది," అన్నాడు తరఫ్‌దార్. "ఎవరూ ఆపరు, ఆపలేరు. కాకపోతే పిల్ల ఇంటికి వస్తే గేటు దగ్గర అన్నది చివరి మాట కాకుండా పోతుంది. ఉదాహరణ అబద్ధమవుతుంది. అబద్ధమైతే పలక తీసేయాలి. పలక లేని ఇల్లు పదదరిద్రం. అప్పుడు పిల్లను హాస్టల్‌కు పంపాల్సి వస్తుంది."

ఉమామహేశ్ కాసేపు దీన్ని మనసులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇప్పుడెక్కడుంది?"

"హాస్టల్లో."

"మరి తేడా ఏటి?"

"చాలా తేడా ఉంది దాదా. ఇప్పుడు ఇంట్లో ఉండే హక్కుతో హాస్టల్లో ఉంది. అప్పుడు హక్కు లేకుండా ఉంటుంది."

"వేసవి సెలవులకి?" అని అడిగింది జగ్గమ్మ.

తరఫ్‌దార్ సంహిత తెరిచి చూశాడు. సెలవుల గురించి ఎవరూ అడగలేదని, పైకి రాసి పంపుతానని అన్నాడు. సందేశ్ ఎవరూ ముట్టుకోకపోవడం చూసి, ఒకటి తను తిని, డబ్బా మూత పెట్టాడు. మంకీ క్యాపు సర్దుకున్నాడు. ఆ ఇంటితో తన పని ఇక పూర్తయిందని, మరో పదానికి ఇక్కడికి రావలసిన అవసరం ఉండదని చెప్పాడు. ఇంత మంచి ఇల్లు మళ్ళీ దొరకదని బాధపడ్డాడు కూడా. బూట్లు తొడుక్కుని, గుమ్మం దాటి, అలవాటు ప్రకారం వెనక్కి తిరిగాడు.

"ఆషి, మాషిమా."

"ఎషో బాబా," అంది జగ్గమ్మ, అలవాటు ప్రకారమే.

సంహితను సక్రమంగా అన్వయిస్తే, అప్పలసూరి అడిగినది ప్రశ్న కనుక అతను జవాబు కోసం ఇంకా ఆగి ఉన్నట్టే లెక్క. దుర్గాదేవి పెండింగులో ఉంది. జగ్గమ్మ పలాస వెళ్ళనే లేదు. తరఫ్‌దార్ కూడా వస్తాననే అన్నాడు. ఆ ఇంటి నుంచి ఇంతవరకూ నియమబద్ధంగా వెళ్ళిపోయినది ఆరో తరగతి చదివే ధాత్రి ఒక్కతే.